రద్దీ రోజున థీమ్ పార్కు: క్యూ పొడవు కాదు, కదలిక చూడండి

పిల్లల బడికీ మా ఆయన ఆఫీసుకూ ఒకేసారి సెలవు దొరకడమే అరుదు. దొరికిన ఆ కాస్త రోజుల్లోనే మిగతా జనమంతా కూడా థీమ్ పార్కులకు బయల్దేరతారు. కాబట్టి జనం లేనప్పుడు వెళ్లమనే సలహాతో నాకు పనిలేదు. ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారని తెలిసే వెళ్తాం, సరదాగానే తిరిగొస్తాం.

ముందురోజు రాత్రి ఇంట్లో మా అయిదుగురిలో ఒక్కొక్కరూ ఒక్క రైడు పేరు చెప్పాలి. రెండోది అడగకూడదు. అత్తయ్యగారు మొదట తనకేమీ వద్దంటారు, వదలకుండా అడిగితే ఏదో ఒక షో పేరు చెబుతారు. ఆ అయిదూ అయితే చాలు. మిగతావి దొరికితే సరే, దొరక్కపోతే సరే. పార్కు మొత్తం చుట్టేయాలని పట్టుబడితే మధ్యాహ్నానికే ఇంట్లోవాళ్ల మధ్య పోట్లాట మొదలవుతుంది.

పేర్లు తేలాక పార్కు యాప్ తెరిచి, ఆ రైడ్లు రేపు నడుస్తున్నాయో మరమ్మతులో ఉన్నాయో చూడండి. ఎత్తు నిబంధన కూడా చూసి, పిల్లల్ని అక్కడికక్కడే గోడకు నిలబెట్టి టేపుతో కొలవండి. పెద్ద రోలర్ కోస్టర్లకు 120 సెంటీమీటర్లో అంతకన్నా ఎక్కువో అడగడం మామూలే. ఒకసారి మా చిన్నది కొలకర్ర కింద నిలబడి మెడ సాగదీసింది. అక్కడి అమ్మాయి నవ్వుతూనే పిలకను అరచేత్తో అణిచి, అడ్డకర్రను తలమీదికి దించింది. బతిమాలితే ఒప్పుకునే విషయం కాదది. సీటు మీద సేఫ్టీ బార్ శరీరాన్ని సరిగ్గా పట్టి ఉంచాలంటే ఆ ఎత్తు కావాల్సిందే. గంట క్యూలో నిలబడ్డాక ‘కాదు’ అనిపించుకోవడం కన్నా ఆ మాటేదో ఇంట్లోనే వినడం నయం.

పొద్దున గేటు తెరిచే వేళకు కాదు, ముప్పావు గంట ముందే అక్కడ ఉండండి. బ్యాగుల తనిఖీకే బోలెడు సమయం పోతుంది. లోపలికి వెళ్లగానే ఫొటోల కోసం ఆగకండి. తెరిచిన మొదటి గంటలో ఎక్కగలిగినన్ని రైడ్లు మధ్యాహ్నం పూట మూడు గంటలు తిరిగినా ఎక్కలేరు.

ఆ గంటను ఏ రైడు మీద పెట్టాలి? చాలామంది క్యూ పొడవు చూసి జడుసుకుంటారు, పొట్టిగా ఉంటే సంబరపడతారు. క్యూ ఎంత పొడవుందన్నది కాదు, ఆ రైడు గంటకు ఎంతమందిని మింగుతోందన్నది చూడాలి. 24 మంది కూర్చునే కోస్టర్ రెండు నిమిషాలకొకటి బయల్దేరితే గంటకు 720 మంది. ముందు 300 మంది ఉంటే మీ వంతుకు 25 నిమిషాలు. 20 మంది పట్టే పడవ అర నిమిషానికొకటి కదిలితే గంటకు 2,400 మంది, ముందు 600 మంది ఉన్నా పావుగంటే! అదే 12 మంది ఎక్కే పిల్లల రైడు, ఎక్కించి దించేసరికి నాలుగు నిమిషాలు పడితే గంటకు 180 మందే. ముందు 60 మంది ఉంటే 20 నిమిషాలు నిలబడాలి. చిన్న క్యూలే మోసం చేస్తాయి. అందుకే మొదటి గంట క్యూ నెమ్మదిగా కదిలే రైడ్లకు, రద్దీ వేళ పడవలకు.

ఈ లెక్క మా పెద్దాడి డ్యూటీ. కటకటాల దగ్గర నిలబడి ఒక బండి వెళ్లాక ఇంకోటి వెళ్లేదాకా ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెడతాడు. ఎక్కువ డబ్బు కట్టి త్వరగా వెళ్లే ఎక్స్‌ప్రెస్ పాసువాళ్లను మధ్యలో వదులుతుంటే మన క్యూ ఇంకా నెమ్మదిస్తుంది, కాబట్టి వచ్చిన లెక్కకు కొంత కలుపుకోండి.

అడగనిదే చాలామందికి తెలియని సదుపాయాలు రెండున్నాయి. మొదటిది సింగిల్ రైడర్ వరుస. మిగిలిపోయిన ఒంటరి సీట్లను దాంతో నింపుతారు. పక్కపక్కన కూర్చోవాలనే పట్టుదల లేకపోతే చాలా త్వరగా అయిపోతుంది, కానీ చిన్నపిల్లల్ని ఒంటరిగా రానివ్వరు. రెండోది పసిపిల్లలున్నవాళ్లకు. ఒకరు ఎక్కి వచ్చేదాకా ఇంకొకరు బిడ్డతో బయట ఉండి, తర్వాత మళ్లీ క్యూ కట్టకుండా ఎక్కొచ్చు. చాలా పెద్ద పార్కుల్లో ఇది ఉంటుంది, అయితే క్యూలోకి వెళ్లకముందే అక్కడి సిబ్బందిని అడగాలి.

భోజనం పదకొండింటికే కానిచ్చేయండి, లేదా రెండున్నర దాటాక చూసుకోండి. అందరూ తినే వేళకు మనం రైడు మీద ఉండాలి. ఎండ నడినెత్తికి వచ్చాక ఏసీ హాల్లో జరిగే షోలు పెట్టుకుంటే అత్తయ్యగారి మోకాళ్లకూ విశ్రాంతి, చిన్నదానికి ఓ కునుకు. ఆవిడ ప్రతి క్యూలో నిలబడక్కర్లేదు. నీడ, బాత్రూమ్ దగ్గర్లో ఉన్న బెంచీ ఒకటి చూసి, నీళ్ల సీసాలు, సంచులు అక్కడ పెట్టుకుంటాం. ఎవరు తప్పిపోయినా అక్కడికే రావాలి. జనం ఎక్కువైతే ఫోన్లు కలవవు, కాబట్టి కలిసే చోటు పొద్దున్నే అందరికీ చూపించాలి. పిల్లల చేతి మీద పెన్నుతో నా నంబరు రాస్తాను, గేటు దగ్గర ఆ రోజు వేసుకున్న బట్టలతో ఒక ఫొటో తీస్తాను. తప్పిపోయాక ‘ఏ రంగు చొక్కా?’ అని అడిగితే టెన్షన్‌లో ఏ తల్లికీ గుర్తురాదు.

పరేడ్ మొదలయ్యే ముందు దానికి దూరంగా ఉన్న రైడ్ల క్యూలు పల్చబడతాయి. ఉరుములొస్తే బయటి రైడ్లు ఆపేస్తారు, సగం జనం ఉసూరుమంటూ ఇంటిదారి పడతారు. ఆ కాసేపు ఏదైనా కప్పు కింద ఓపిక పట్టినవాళ్లకు తర్వాత తేలిగ్గా దొరుకుతాయి. ఒళ్లంతా తడిపే నీళ్ల రైడు మాత్రం చివరికి ఉంచండి. తడిసిన సాక్సులతో రోజంతా నడిస్తే కాళ్లు బొబ్బలెక్కుతాయి.

మూసే వేళకు పార్కింగులో అందరూ ఒక్కసారే కదులుతారు. మేం బెంచీ మీద ఇంకో అరగంట కూర్చుని, రద్దీ తగ్గాక లేస్తాం. కారు ఏ వరుసలో పెట్టామో పొద్దున్నే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. మా ఆయన ‘నాకు గుర్తుంటుందిలే’ అంటారు. అయినా నేను తీస్తాను.