శాంటా కాటలీనా ఎడారి దీవికి: బయలుదేరే ముందు చూసుకోవలసినవి

ఈ శీతాకాలం చెన్నై నుంచి మెక్సికో వెళ్లి, చిన్న ఓడలో కాలిఫోర్నియా సింధుశాఖ, అందులోని ఈ దీవి చూడాలనుకునేవాళ్ల కోసం. సన్‌స్క్రీన్, కెమెరా సంగతి మీకు తెలిసిందే.

• ముందు వీసా. టికెట్ అమెరికా మీదుగా ఉంటే, విమానం మారడానికి కూడా అమెరికా వీసా కావాలి. లేకపోతే చెన్నై ఎయిర్‌పోర్టులోనే ఆపేస్తారు. మీ కోసం ఓడ ఆగదు.

• చూడకుండా రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టొద్దు. ర్యాటిల్‌స్నేక్ తోక గలగలలాడించి హెచ్చరిస్తుంది కదా, ఈ దీవి జాతికి ఆ గిలకే లేదు! ప్రపంచంలో ఇంకెక్కడా లేని పాము. దూరం నుంచి చూడగలిగితే అదృష్టమే.

• రెండు జతలు. రేవు ఉండదు, రబ్బరు పడవ నుంచి నీళ్లలోకే దిగాలి. దానికి చెప్పులు, ముళ్లకు మందపాటి బూట్లు. బూట్ల అడుగు ముందురాత్రే బ్రష్‌తో రుద్దండి, బయటి విత్తనాలు దీవికి చేరకూడదు.

• జేబులో దువ్వెన. చోయా కాక్టస్ ముక్క బట్టలకు అంటుకుంటే వేళ్లతో పీకొద్దు, వేళ్లకూ గుచ్చుకుంటుంది. దువ్వెనతో ఎగదోయండి.

• లోతులేని నీళ్లలో పాదాలు ఈడుస్తూ నడవండి. ఇసుకలో ముల్లుతోక చేప దాక్కుంటుంది, మన కాశిమేడులో తిరుక్కై అని అమ్మేదాని బంధువే. అలికిడికి తప్పుకుంటుంది, తొక్కితే పొడుస్తుంది.

• వాంతుల మాత్ర ఓడ కదలకముందే. చలికాలం ఉత్తరపు గాలి గట్టిగా వీస్తుంది.

• గవ్వలు, రాళ్లు అక్కడే వదిలేయండి. 2005 నుంచి ఈ దీవులు యునెస్కో వారసత్వ ప్రాంతం.

• శాకాహారులైతే బుకింగ్‌లోనే చెప్పండి.