చలికాలంలో ఎడారి మీదుగా సైకిల్: ఇబ్బంది ఎందుకొస్తుంది, ఏం చేయాలి

ఎడారిలో సైకిల్ తొక్కాలంటే చలికాలమే మంచిదని అందరూ చెప్తారు, అది నిజమే. కాకపోతే గాలిలో తేమ, ఆకాశంలో మబ్బు రెండూ లేనిచోట నేల వేడి రాత్రికి నిలవదు. అందుకే తెల్లవారుజామున సున్నా డిగ్రీల దగ్గర వణికిన మనమే మధ్యాహ్నం 20 దాటిన ఎండలో జాకెట్ విప్పేస్తాం. నేను గమనించింది ఏంటంటే, ఇక్కడ ఇబ్బంది బయటపడేది ఒక వేళలో, దాని మూలం మాత్రం అంతకు మూడు నాలుగు గంటల ముందే ఉంటుంది. కాబట్టి పొద్దున్నుంచి రాత్రి దాకా అదే వరసలో రాస్తున్నాను.

లేచేసరికి టైర్లు మెత్తబడ్డాయి

రెండు టైర్లూ నొక్కి చూడండి. రెండూ ఒకేలా కొంచెం దిగితే అది చలి వల్లే. నిన్న 20 డిగ్రీల ఎండలో 50 పీఎస్‌ఐ గాలి కొట్టి ఉంటే, సున్నా డిగ్రీల దగ్గర అది 45కి కాస్త పైన చూపిస్తుంది. ఎండెక్కితే దానంతటదే పెరుగుతుంది, కంగారుపడి పంపు తీయక్కర్లేదు. ఒక్కటే దిగితే మాత్రం పంక్చరే.

ట్యూబు మార్చిన పది నిమిషాలకే మళ్లీ పంక్చర్

దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మనిషికి ఓపిక నశించేది ఇక్కడే. కారణం చాలాసార్లు ముల్లే, అందులోనూ పల్లేరు. ఎండిన పల్లేరు కాయ ముక్కలుగా విడిపోతుంది, ఒక్కో ముక్క మీద కొమ్ముల్లా గట్టి ముళ్లు, నేల మీద ఎలా పడ్డా ఒక మొన పైకే ఉంటుంది. అది టైరులో దిగాక పైన ఉన్నదంతా అరిగి ఊడిపోతుంది, మొన మాత్రం రబ్బరులోనే ఉండిపోతుంది. బయటినుంచి ఏమీ కనపడదు. కొత్త ట్యూబు వేసి గాలి కొట్టగానే అదే మొన దాన్నీ గుచ్చుతుంది. ఒకసారి ఒకే టైరులోంచి పదకొండు మొనలు తీశాను, చివరిది ఆవగింజంత కూడా లేదు, కానీ రెండో ట్యూబు పోయింది దానివల్లే.

టైరు పూర్తిగా ఊడదీసి లోపలివైపు పాత గుడ్డతో చుట్టూ మెల్లగా తుడవండి, మొన ఉన్నచోట గుడ్డ దారం పట్టుకుంటుంది. నెయిల్ కట్టర్‌తో పట్టి లాగేయండి. ట్యూబులో చిల్లు వాల్వ్ నుంచి ఎంత దూరంలో ఉందో చూసుకుని టైరు మీద అంతే దూరంలో వెతికితే పని తేలిక, అందుకే టైరు ఊడదీసే ముందే వాల్వ్ ఎదురుగా దాని మీద ఒక గుర్తు పెట్టుకోండి. చలిలో సొల్యూషన్ ఆరడానికి చాలాసేపు పడుతుంది, తడి మెరుపు పోకముందే ప్యాచ్ అతికిస్తే లేచొచ్చేస్తుంది. కాబట్టి దారిలో స్పేర్ ట్యూబు వేసుకుని, ప్యాచ్ పని మధ్యాహ్నం ఎండలో పెట్టుకోండి. ఇంకో మాట, పల్లేరు తీగ రోడ్డు అంచునే పాకుతుంది. ఆగడానికి రోడ్డు దిగేటప్పుడు సైకిల్ నెట్టుకుంటూ పోకండి, బ్యాగులు విప్పి ఎత్తుకుని వెళ్లండి.

మధ్యాహ్నానికి తలనొప్పి, చిరాకు, కాళ్లలో సత్తువ లేదు

చలి వల్ల అనుకుంటారు, కాదు, పొద్దున తాగని నీళ్లు. చల్లగా ఉన్నప్పుడు దాహం తెలియదు, పొడిగాలికి చెమట పట్టీ పట్టకముందే ఆవిరైపోతుంది కాబట్టి ఒంట్లోంచి ఎంత పోతోందో తెలియదు. జాకెట్ వీపు మీద తెల్లటి ఉప్పు చారలు కనిపిస్తే ఒంట్లోంచి చెమట బాగా పోయినట్టే. దాహం కోసం చూడకుండా పావుగంటకోసారి రెండు గుక్కలు తాగండి, మధ్యలో ఉప్పగా ఉన్నది ఏదైనా తినండి. ఉప్పు లేకుండా ఉత్త నీళ్లు అదేపనిగా తాగడమూ మంచిది కాదు. మూత్రం ముదురు పసుపులో ఉందంటే ఆగి, నీడన కూర్చుని, నెమ్మదిగా తాగాకే బయల్దేరండి.

పొద్దున సీసా మూత గడ్డకట్టి తాగలేకపోతే, ముందురోజు రాత్రి సీసా తలకిందులుగా పెట్టుకోండి. మంచు పైకి తేలుతుంది కాబట్టి పైకి తిరిగిన సీసా అడుగువైపే గడ్డ కడుతుంది, మూత వైపు నీళ్లుంటాయి.

ఎత్తు ఎక్కినంతసేపు ఉక్కపోత, దిగుతుంటే వణుకు

ఎక్కేటప్పుడు జాకెట్ తీయకపోవడమే కారణం. లోపల తడిసిన బనియన్‌కి దిగేటప్పుడు ఈదురుగాలి తగిలితే వేళ్లు బ్రేకు కూడా సరిగా పట్టలేవు, అది ప్రమాదం. ఎత్తు మొదలుకాకముందే ఒక పొర తీసేయండి, కాస్త చలేసినా ఫర్వాలేదు. పైకి చేరాక గాలి ఆపే జాకెట్ వేసుకుని అప్పుడు దిగండి. మోకాళ్లు మాత్రం చలి తగ్గేదాకా కప్పే ఉంచండి.

చైన్ కరకరలాడుతోంది

జిడ్డు నూనెకి ఇసుక అంటుకుని చైన్‌ని ఆకురాయిలా అరగదీస్తోంది. పొడిగుడ్డతో తుడిచి, మైనం రకం లూబ్ వేసి, పైన మిగిలినదంతా తుడిచేయండి. శబ్దం వస్తోందని ఇంకాస్త నూనె పోస్తే ఇంకా పాడవుతుంది.

ఇసుకలో ముందు చక్రం పక్కకి లాగేస్తోంది

టైరులో గాలి ఎక్కువుంది. కొంచెం తీసి, చిన్న గేరులో ఆపకుండా తొక్కండి, హ్యాండిల్ వదులుగా పట్టుకోండి, ముందు బ్రేకు వేయకండి. గట్టి రోడ్డు ఎక్కగానే గాలి మళ్లీ కొట్టడం మరిచిపోకండి.

చేరాల్సిన చోటికి చేరకముందే చీకటి

డిసెంబరులో 30 డిగ్రీల అక్షాంశం దగ్గర పగలు పది గంటలే. పైగా నేల వేడెక్కేకొద్దీ గాలి లేస్తుంది, ఎదురుగాలైతే మధ్యాహ్నం లెక్కంతా తారుమారు. ఎక్కువ దూరం పొద్దునపూటే లాగేసి, సూర్యాస్తమయానికి గంట ముందే ఆగండి. ఎండు వాగులో గుడారం వేయొద్దు, ఎక్కడో కురిసిన వానకి నీళ్లు రావచ్చు. పల్లంలో చల్లగాలి దిగి నిలబడుతుంది, కాస్త మిట్టన వేసుకుంటే చలి తగ్గుతుంది. ఎండ పోకముందే లోపలి బట్టలు మార్చుకోండి.

ఫోను, పవర్ బ్యాంకు, నీళ్ల ఫిల్టరు మీతోపాటు స్లీపింగ్ బ్యాగులోకే రావాలి. తడి ఫిల్టరు గడ్డకడితే లోపలి సన్నటి గొట్టాలు చిట్లుతాయి, పైకి మాత్రం ఏమీ కాలేదన్నట్టే ఉంటుంది, నీళ్లూ వస్తాయి. గడ్డకట్టిందేమోనని అనుమానం ఉన్నా సరే, ఆ నీళ్లు మరిగించకుండా తాగకండి.