కొత్త దేశంలో ఫ్రెండ్ కయాక్ ఫిషింగ్‌కి రమ్మంటే, మొదటిసారి వెళ్ళేవాళ్ళకి కొన్ని మాటలు

కొత్తగా వేరే దేశం వచ్చాక ఆఫీసులోనో పక్కింట్లోనో ఎవరో ఒకరు పరిచయమై, శనివారం ఖాళీయేనా, కయాక్‌లో (తెడ్డుతో నడుపుకునే సన్నటి చిన్న పడవ) చేపలు పట్టడానికి వెళ్దామా అని అడుగుతారు, మనం వెంటనే సరే అనేస్తాం. వెళ్ళండి, తప్పకుండా వెళ్ళండి, కొత్త చోట మనుషులతో కలవడానికి నీళ్ళ మీద గడిపే ఒక పొద్దు కంటే మంచి మార్గం నాకైతే కనపడలేదు. కాకపోతే సరే అన్నాక ఇంకో మాట కూడా చెప్పాలి, ఈత రాకపోతే రాదని, కయాక్ ఎప్పుడూ ఎక్కలేదని. మనవాళ్ళకి ఇక్కడే మొహమాటం అడ్డొస్తుంది, వాళ్ళ ప్లాన్ పాడవుతుందేమో, చిన్నచూపు చూస్తారేమో అని నవ్వేసి ఊరుకుంటాం. దయచేసి అలా చెయ్యకండి. అనుభవం ఉన్నవాళ్ళు ఆ ఒక్క మాట వింటే చాలు, పారే నది మానేసి గాలి తక్కువుండే చిన్న చెరువుకి తీసుకెళ్తారు, వెడల్పుగా ఉండి లోపల కాకుండా పైన కూర్చునే సిట్-ఆన్-టాప్ కయాక్ మీకిస్తారు. చెప్పకపోతే పాపం వాళ్ళకెలా తెలుస్తుంది?

ముందు లైసెన్స్ సంగతి. చాలా దేశాల్లో సరదాగా గాలం వెయ్యడానికి కూడా లైసెన్స్ ఉండాలి, ఫ్రెండ్ దగ్గరున్న లైసెన్స్ ఫ్రెండ్‌కి మాత్రమే, మీది మీరు తీసుకోవాలి. కొన్నిచోట్ల చెరువులు, నదులకి ఒకటి, సముద్రానికి ఇంకోటి ఉంటుంది. ఏ చేప ఎంత పొడవుంటే ఉంచుకోవచ్చు, రోజుకి ఎన్ని, ఏ నెలల్లో అసలు పట్టకూడదు, ఇవన్నీ అక్కడి ప్రభుత్వ సైట్‌లోనే చూడండి, ఎవరో చెప్పింది విని వెళ్ళకండి.

బట్టల విషయంలో చాలామంది పొరపడతారు, బయట ఎండ బాగుంది కదా అని కాటన్ టీషర్ట్, జీన్స్ వేసుకుని వచ్చేస్తారు. చూడాల్సింది ఎండ కాదు, నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయనేది. చలి దేశాల్లో వసంతంలో పైన వెచ్చగా ఉన్నా చెరువు నీళ్ళు ఇంకా మంచులాగే ఉంటాయి. కెనడాలో మానిటోబా యూనివర్సిటీ ప్రొఫెసర్ గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీనికి 1-10-1 అని ఒక లెక్క చెప్తారు: బాగా చల్లటి నీళ్ళలో పడితే ఊపిరి అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులు కాళ్ళు మన మాట వినేది ఓ 10 నిమిషాలు, ఒళ్ళు చల్లబడి స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. లైఫ్ జాకెట్ ఉంటేనే ఈ లెక్క మనకి పనికొస్తుంది, లేకపోతే ఆ మొదటి నిమిషంలోనే నీళ్ళు మింగేస్తాం. అందుకే నీళ్ళు చల్లగా ఉన్నప్పుడు వెట్‌సూట్ (నీళ్ళలో ఒంటి వేడి పోకుండా కాపాడే బిగుతు సూట్) లేకపోతే ట్రిప్ ఇంకో నెలకి వాయిదా వెయ్యమని అడగండి, అలా అడగడంలో తప్పేం లేదు.

లైఫ్ జాకెట్ ఒళ్ళోనో వెనకాలో పెట్టుకోడం కాదు, వేసుకుని జిప్పు పెట్టి పట్టీలు బిగించాలి. భుజాల దగ్గర పట్టుకుని ఫ్రెండ్‌ని పైకి లాగమనండి, చెవుల దాకా వచ్చేస్తే వదులుగా ఉన్నట్టే. దానికి ఒక విజిల్ కట్టుకోండి.

ఇక నేను గట్టిగా చెప్పేదేంటంటే, మొదటి గంట గాలం ముట్టుకోకండి. ఒడ్డు దగ్గర నడుంలోతు నీళ్ళలో కావాలనే కయాక్ బోల్తా కొట్టించి మళ్ళీ ఎక్కడం నేర్చుకోండి. బోర్లాపడిన కయాక్‌ని ముందు తిరగెయ్యాలి, తర్వాత పక్కనుంచి రెండు చేతులు లోపలికి వేసి, కాళ్ళతో గట్టిగా తన్నుకుంటూ పొట్ట మీద అడ్డంగా పాకాలి, అప్పుడు వెల్లకిలా తిరిగి సీట్లో కూర్చుని ఆఖర్న కాళ్ళు లోపల పెట్టుకోవాలి. మొదట్లో జారిపోతారు, పర్వాలేదు, ఫ్రెండ్ పక్కనే ఉన్నారు కదా, చెయ్యి తిరిగేదాకా చెయ్యండి. నీళ్ళలో పడితే ఎక్కగలనన్న నమ్మకం వచ్చాక ఒంట్లో బిగుసుకుపోవడం తగ్గిపోతుంది, తెడ్డు వెయ్యడం కూడా దానంతటదే బాగుపడుతుంది.

గాలం వేసేటప్పుడు తల కయాక్ అంచు దాటి బయటికి వంగకూడదు, చాలామంది పడేది చేప దగ్గరికొచ్చాక దాన్ని అందుకోవాలని పక్కకి వంగినప్పుడే. వల చేత్తో పట్టుకుని చేపనే దగ్గరికి రానివ్వండి. మొదటిసారికి ఒక్క రాడ్ చాలు. రాడ్‌కి, తెడ్డుకి కయాక్‌తో తాడు కట్టండి, ఫోన్ మాత్రం నీళ్ళు చొరబడని కవర్‌లో పెట్టి మీ ఒంటికే కట్టుకోండి, ఎందుకంటే కయాక్ గాలికి కొట్టుకుపోతే ఫోన్ కూడా దాంతోనే పోతుంది. కొక్కెం ముల్లుని ప్లయర్‌తో నొక్కేస్తే చేపకీ మీ వేలికీ రెండింటికీ మంచిది. వదిలేసే చేపని తడిచేత్తోనే పట్టుకోవాలి, పొడిచేత్తో పట్టుకుంటే దాని ఒంటి మీద జిగురు పోతుంది, అదే దాన్ని రోగాల నుంచి కాపాడేది.

గాలి ఒడ్డు నుంచి నీళ్ళ మీదకి వీస్తుంటే జాగ్రత్త. ఒడ్డు దగ్గర అంతా ప్రశాంతంగానే ఉంటుంది, హాయిగా లోపలికి వెళ్ళిపోతాం, తిరిగొచ్చేటప్పుడే తెలుస్తుంది ఎదురుగాలి సంగతి. అలాంటి రోజు ఒడ్డు పక్కనే తిరగండి, వేరే రోజుల్లో ముందు ఎదురుగాలికి వెళ్ళి అలిసిపోయాక గాలివాటున రండి. ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పండి, ఒంటరిగా ఉంటే రూమ్మేట్‌కి మెసేజ్ పెట్టండి.

వచ్చేశాక కయాక్‌లో నీళ్ళన్నీ ఒంపేసి, అతుక్కున్న నాచు తీసేసి, ఆరబెట్టాలి. జీబ్రా మసెల్ లాంటి చిన్న చిన్న ఆల్చిప్పలు అలాగే ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి పాకి అక్కడి జీవాలకి తిండి లేకుండా చేస్తాయి, అందుకే కొన్నిచోట్ల ఇది చట్టం కూడా. అడక్కుండానే ఈ పనిలో ఫ్రెండ్‌కి చెయ్యి వెయ్యండి, కయాక్ బరువు కాబట్టి కారు మీదకి ఎక్కించేటప్పుడు కూడా ఓ పక్క మీరే పట్టుకోండి.