వానాకాలంలో సిరొంచకు వెళ్తున్నారా? ప్రాణహిత దగ్గర ఈ జాగ్రత్తలు తప్పనిసరి

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో, ప్రాణహిత నది ఒడ్డున ఉన్న సిరొంచలో ఎండ కాస్తుండగానే నదికి వరద వస్తుంది. వార్ధా, వైన్‌గంగ నదులు కలిసి ప్రాణహితగా 113 కిలోమీటర్లు పారి కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తాయి. విదర్భలో పడిన వాన, వైన్‌గంగ మీది గోసీఖుర్ద్ డ్యామ్ 33 గేట్ల నుంచి వదిలిన నీళ్లు అన్నీ ఈ ఊరి ముందు నుంచే పోవాలి. 2022 జూలైలో ఇక్కడ ఒడ్డు ఊళ్లను ఖాళీ చేయించాల్సి వచ్చింది. అందుకే జూన్ నుంచి అక్టోబరు దాకా బయల్దేరే ముందు భండారా, చంద్రపూర్, గడ్చిరోలి వైపు రెండు మూడు రోజులుగా వానలు ఎలా ఉన్నాయో, గోసీఖుర్ద్ గేట్లు ఎన్ని ఎత్తారో కనుక్కోండి.

అన్నిటికన్నా ప్రమాదం ఇసుక తిన్నెలు. పొద్దున మోకాలి లోతు పాయ దాటి తిన్నె మీదికి వెళ్తారు, ఫొటోలు, వంటలు మొదలవుతాయి. నీళ్లు పెరిగేటప్పుడు తిన్నె వెంటనే మునగదు, మీ వెనక ఉన్న ఆ పల్లపు పాయే ముందు నిండుతుంది. కాళ్ల కింద ఇసుక పొడిగానే ఉంటుంది, తిరుగుదారి మాత్రం పోయి ఉంటుంది. కాబట్టి తిన్నె ఎక్కకముందే ఒడ్డున నీటి అంచులో ఒక పుల్ల గుచ్చి, దాని దగ్గర ఒక మనిషిని ఉంచండి. పావుగంటకోసారి చూడాలి. పుల్ల మొదలు రెండు వేళ్లు మునిగినా, నీళ్లు ఎర్రబడినా, నురుగూ ఆకులూ చెత్తా కొట్టుకొస్తున్నా సామాన్లు వదిలేసి ఒడ్డుకు రావాలి. చీకటి పడ్డాక, లేదా గోదావరి కూడా పొంగి ఉన్నప్పుడు తిన్నె మీదికి అసలు వెళ్లొద్దు. గోదావరి ఎదురు తన్నితే ప్రాణహిత నీళ్లు కదలనట్టే కనిపిస్తాయి, కానీ మట్టం పెరుగుతూనే ఉంటుంది.

వరద తీసిన వారం పది రోజులు తడి ఇసుకలో ఊబి ఉంటుంది. చేతికర్రతో పొడుస్తూ నడవండి. కాలు దిగబడితే సంచీ విసిరేసి వెనక్కి వాలి, కాలిని మెల్లగా అటూ ఇటూ కదిలిస్తూ నీళ్లు లోపలికి పోనివ్వండి. చేతులు పట్టుకుని ఒక్కసారిగా లాగితే భుజం జారుతుంది, కాలు మాత్రం రాదు. ఇసుక తోడిన గుంతలు వరద నీళ్లలో కనబడవు, ఈత వచ్చినవాళ్లూ వాటిలో మునిగిపోతారు. రేవు దాటి స్నానానికి దిగకండి. ఎక్కడా దూకకండి. ఎగువ గోదావరిలో పడవలు నడిపే బ్రిటిష్ వాళ్ల ప్రయత్నం 1871లో ఆగిపోయింది, దానికి అడ్డుపడిన రాళ్లు ఇప్పటికీ నదిలో ఉన్నాయి.

పడవ ఎక్కితే అంచు నీటికి కనీసం జానెడు పైన ఉండాలి. లైఫ్ జాకెట్ పట్టీలన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టి పైకి లాగండి. గడ్డం దాటి వస్తే అది మీ సైజు కాదు. జాకెట్ లేని పడవ ఎక్కకండి. ఒడ్డున 15 మీటర్ల తాడు, మూత బిగించిన ఖాళీ 5 లీటర్ల డబ్బా ఉంచుకోండి. ఎవరైనా కొట్టుకుపోతే వెంట దూకకుండా, తాడు కట్టిన ఆ డబ్బానే విసరాలి.

ఇంద్రావతి గోదావరిలో కలిసే సోమనూర్ సంగమం చూడదగ్గదే, కానీ వానల్లో వద్దు. దారిలో వాగులు పొంగుతాయి. రోడ్డు మీద పారే అడుగు లోతు నీళ్లు చాలు, చిన్న కారును పక్కకు నెట్టేస్తాయి. ఆ రోజుల్లో ఊళ్లోనే ఉండి బ్రిటిష్ కాలపు కట్టడాలు చూడండి. సిరొంచ ఒకప్పుడు ఎగువ గోదావరి జిల్లాకు కేంద్రం. తెరిపి ఇస్తే వడదం శిలాజాల పార్కు ఉంది. అక్కడ రాయి ఒక్కటి కూడా తీయకండి, ఎత్తిన చోటు తెలియని శిలాజం పరిశోధనకు దాదాపు పనికిరాదు.

ఆపదలో 112 కో 108 కో ఫోన్ చేస్తే మీరున్నది మహారాష్ట్ర ఒడ్డో తెలంగాణ ఒడ్డో మొదటి మాటగా చెప్పండి. సరిహద్దులో ఫోన్ ఏ టవర్‌కైనా తగలవచ్చు.

గడ్చిరోలిలో మలేరియా ఎక్కువ. రాత్రి దోమతెర కట్టుకోండి, సాయంత్రం నుంచి నిండు చేతుల బట్టలు వేసుకోండి. ఇంటికి వచ్చాక నెల లోపు జ్వరం వస్తే మాత్రలతో సరిపెట్టకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించుకుని, గడ్చిరోలి వెళ్లొచ్చామని డాక్టరుకు చెప్పండి.