వానలకు ముందు రోడ్డు పక్క వాలు తనిఖీ: జాగ్రత్తలు

– రోడ్డు మీద నుంచి చూసి సరిపెట్టకండి, వాలు పైకి ఎక్కండి. అంచుకు సమాంతరంగా సాగే పగులు కింది నుంచి కనిపించదు. అందులో నిండిన నీరు మట్టిని బయటికి తోస్తుంది; నీటి లోతు రెట్టింపైతే ఆ తోపుడు నాలుగింతలవుతుంది. పగులుకు అటూ ఇటూ మేకులు కొట్టి, మధ్య దూరాన్ని తేదీతో సహా రాసుకోండి. దూరం పెరుగుతుంటే మిగతా జాబితా పక్కన పెట్టి ముందు రాకపోకలు ఆపించండి.

– వేసవి మట్టి గట్టిదనాన్ని నమ్మవద్దు. కొద్దిపాటి తేమ రేణువులను పట్టి ఉంచుతుంది, పూర్తిగా నానితే ఆ పట్టు పోతుంది. భద్రతా గుణకాన్ని (జారకుండా ఆపే బలాన్ని జారదీసే బలంతో భాగిస్తే వచ్చే సంఖ్య) నానిన మట్టి బలంతోనే లెక్కించండి. అది 1కి దిగితే వాలు జారే అంచున ఉన్నట్టే. శాశ్వత వాలుకు సాధారణంగా 1.5 కోరతారు.

– రోడ్డు వెడల్పు కోసం వాలు అడుగును తవ్వనివ్వకండి. పై బరువును ఆపుతున్నది ఆ మట్టే.

– అడ్డుగోడలోని నీటి రంధ్రాలు పొడిగా ఉంటే సంతోషించకండి, పూడుకుపోయాయేమో పొడిచి చూడండి.

– తేటగా వచ్చే ఊట బురదగా మారితే లోపలి మట్టి కొట్టుకుపోతున్నట్టు.

– చెట్లు మొదట్లో వంగి పైన నిటారుగా ఉంటే పాత, నెమ్మదైన కదలిక కావచ్చు. మొత్తంగా ఒరిగితే అది తాజాది.

– వాన ఆగగానే వాలు కింద నిలబడి కొలతలు తీయవద్దు. బంకమట్టిలోకి నీరు ఆలస్యంగా ఇంకుతుంది, ఎండ కాసిన రోజునా చరియ జారవచ్చు.