ఆగి ఆగి మొరాయించే ఫ్యూయల్ పంప్: పాత పెట్రోల్ కారులో అసలు లోపం పట్టుకోవడం ఎలా

ఏప్రిల్, మే ఎండల్లో హైదరాబాద్ అమీర్‌పేట ట్రాఫిక్‌లో నడుస్తున్న బండి ఉన్నట్టుండి ఆగిపోతుంది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతుంది కానీ అందుకోదు. 20 నిమిషాలు పక్కన పెడితే మామూలుగా స్టార్ట్ అవుతుంది. షెడ్డుకు తీసుకెళ్లేసరికి లోపం కనిపించదు కాబట్టి అందరూ ముందు ఫ్యూయల్ పంప్ (ట్యాంక్ నుంచి ఇంజిన్‌కు పెట్రోల్ తోసేది) మార్చేస్తారు. అక్కడే డబ్బు వృథా అవుతుంది. పంప్ మార్చేటప్పుడు ఎలాగూ కప్లర్ (వైర్లను కలిపే ప్లాస్టిక్ ప్లగ్గు) ఊడదీసి మళ్లీ పెడతారు. దాంతో వదులైన కాంటాక్ట్ కుదురుకుని బండి కొన్నాళ్లు నడుస్తుంది, పంపే పోయిందని నమ్మేస్తాం, వేడెక్కిన మరో రోజు మళ్లీ మొదటికొస్తుంది. ఇలాంటి లోపాన్ని బండి ఆగిన ఆ నిమిషంలోనే పట్టుకోవాలి. మిగతా సమయంలో ఎంత వెతికినా అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి.

ఇదంతా ట్యాంక్ లోపల పంప్ ఉండే పాత ఎంపీఎఫ్ఐ కార్ల (ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మేవి) సంగతి. కార్బురేటర్ మారుతి 800లో ఉండేది మెకానికల్ పంప్, దానికి ఈ పద్ధతి పనికిరాదు.

ముందు ఖర్చు లేనివి చూడండి. బండి ఆగగానే ట్యాంక్ మూత తిప్పండి. గాలి గట్టిగా లోపలికి పీల్చుకున్న శబ్దం వచ్చి, వెంటనే ఇంజిన్ అందుకుంటే పంప్ తప్పేమీ లేదు, ట్యాంక్‌కు గాలి వెళ్లే దారి మూసుకుపోయింది. తర్వాత, బయట ఫిట్ చేయించిన సెంట్రల్ లాకింగ్, సెక్యూరిటీ అలారం ఉన్నాయేమో చూడండి. వీటిని బిగించేవాళ్లు చాలాసార్లు పంప్ వైరునో ఇగ్నిషన్ వైరునో స్టీరింగ్ కింద కోసి, కటాఫ్ రిలే (కరెంటును ఆపే స్విచ్) పెట్టి, మెలితిప్పి టేపు చుట్టి వదిలేస్తారు. ఏళ్లు గడిచాక ఆ టేపు జిగురు కారి, లోపల రాగి పచ్చబడుతుంది. ఎల్పీజీ కిట్ ఉన్న బండిలో కూడా పంప్ వైరు మధ్యలో ఇలాంటి రిలే ఉండొచ్చు. పెట్రోల్ ఎప్పుడూ రిజర్వ్‌లోనే పెట్టి గ్యాస్ మీద తిప్పిన బండి అయితే పంప్ మీదే అనుమానం పెంచుకోవాలి. పంప్‌ను చల్లబరిచేది, దానికి తడి ఇచ్చేది ట్యాంక్‌లోని పెట్రోలే.

ఇక అసలు పని: పంప్‌కు కరెంటు అందుతోందో లేదో చెప్పే ఒక బల్బును డ్యాష్‌బోర్డ్ మీదికి తీసుకురావడం. 12 వోల్టుల 5 వాట్ల పార్కింగ్ బల్బు, హోల్డర్, రెండు పొడవైన వైర్లు, 2 ఆంప్స్ ఇన్‌లైన్ ఫ్యూజ్ చాలు. వెనక సీటు కింద పంప్‌కు వెళ్లే కప్లర్ దగ్గర, ట్యాంక్ బయటే, పంప్ ప్లస్ వైరుకు ఒకటి, పంప్ మైనస్ వైరుకు ఇంకొకటి కలపండి. రెండో వైరును బాడీకి ఎర్త్ చేయకండి. పంప్ ఎర్తే పోయి ఉంటే, బాడీ ఎర్త్ మీద బల్బు చక్కగా వెలిగి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఎల్ఈడీ కూడా వద్దు. సన్నటి కరెంటుకే వెలిగేస్తుంది కాబట్టి కాంటాక్ట్ బలహీనపడినా తేడా తెలియదు. మామూలు బల్బు అయితే వెలుగు తగ్గి చెబుతుంది.

వీలైతే ప్రెషర్ గేజ్ కూడా ఇంజిన్ దగ్గర టీ జాయింట్‌తో పెట్టండి. దానికి ముందు లైనులో ప్రెషర్ దించాలి: పంప్ ఫ్యూజ్ తీసి ఇంజిన్ స్టార్ట్ చేసి, అదే ఆగేదాకా నడవనివ్వండి, ఇంకోసారి 2, 3 సెకన్లు సెల్ఫ్ కొట్టండి. తర్వాత బ్యాటరీ మైనస్ తీసేసి, పైపు చుట్టూ గుడ్డ పెట్టి మెల్లగా విప్పండి. ఈ పని గాలి ఆడే చోటే చేయాలి, పొడి రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పక్కనే ఉండాలి. పాత ఎంపీఎఫ్ఐ కార్లలో ప్రెషర్ సాధారణంగా 2.5 నుంచి 3.5 బార్ మధ్య ఉంటుంది. మీ మోడల్ అంకె సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి. గేజ్ బానెట్ లోపలే ఉండాలి, క్యాబిన్‌లోకి పెట్రోల్ పైపు తేకూడదు.

ఇప్పుడు లోపం వచ్చేదాకా నడపాలి. ట్యాంక్‌లో పావు వంతు పెట్రోల్ ఉంటే పంప్ త్వరగా వేడెక్కుతుంది, లోపం త్వరగా బయటపడుతుంది. మధ్యాహ్నం కాలనీ రోడ్లలోనే తిరగండి. పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే, ఔటర్ రింగ్ రోడ్ ఎక్కకండి. ఫ్లైఓవర్ మీద బండి ఆగిపోతే పరీక్ష సంగతి అటుంచి ప్రాణం మీదికొస్తుంది.

ఆగాక కంగారుపడకుండా రోడ్డు పక్కకు చేర్చి, కీ ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి. చాలా కార్లలో కీ ఆన్ చేయగానే పంప్ 2, 3 సెకన్లు తిరిగి ఆగుతుంది, బల్బు కూడా అంతసేపే వెలగాలి. తర్వాత సెల్ఫ్ కొడుతూ బల్బునూ, ఆర్‌పీఎం ముల్లునూ చూడండి.

కీ ఆన్‌లో బల్బు వెలిగి, సెల్ఫ్ కొట్టేటప్పుడు వెలగకపోతే, ముల్లు కూడా కదలకపోతే, పంప్‌ను వదిలేయండి. ఇంజిన్ తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్ సెన్సర్, కొన్ని కార్లలో డిస్ట్రిబ్యూటర్ లోపలి సెన్సర్, వేడికి పోతోంది. ఇంజిన్ తిరుగుతున్నట్టు ఈసీయూకు (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కు) తెలియకపోతే అది పంప్‌కు కరెంటు ఇవ్వదు. పంప్ పోయిందని పొరపడేది ఎక్కువగా ఇక్కడే.

బల్బు అసలే వెలగకపోతే ఫ్యూజ్, రిలే, ఇగ్నిషన్ స్విచ్, పంప్ ఎర్త్ వైపు వెళ్లండి. రిలే లోపల టంకం జాయింట్లు వేడికి పగులుతాయి, చల్లబడగానే అతుక్కుంటాయి. నంబర్ ఒకటే అయితే హారన్ రిలే తీసి పెట్టి చూడొచ్చు. రిలే సాకెట్‌లో 30 (కరెంటు వచ్చేది), 87 (పంప్‌కు వెళ్లేది) పిన్నులను 15 ఆంప్స్ ఫ్యూజ్ ఉన్న వైరుతో కలిపితే పంప్ నేరుగా తిరగాలి. ఈ వైరు పరీక్షకే. రోడ్డు పక్క మెకానిక్ ఇలా కలిపి "నడుస్తుంది సార్, ఏం కాదు" అంటే ఒప్పుకోకండి. యాక్సిడెంట్ అయి ఇంజిన్ ఆగినా పంప్ ఆగకుండా పెట్రోల్ తోస్తూనే ఉంటుంది, తెగిన పైపు ఉంటే మంటలే.

బల్బు మసకగా వెలిగితే దారిలో ఎక్కడో వోల్టేజీ తగ్గిపోతోంది. పంప్ తిరుగుతుండగానే మల్టీమీటర్‌తో కొలవండి: బ్యాటరీ ప్లస్ నుంచి పంప్ ప్లస్ దాకా తేడా అర వోల్టు దాటకూడదు, పంప్ మైనస్ నుంచి బ్యాటరీ మైనస్ దాకా 0.2 వోల్టులు దాటకూడదు. ట్యాంక్ మీది కప్లర్‌లో ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగు తిరిగి, కొద్దిగా కరిగి కనిపిస్తే వెతకడం ఆపేయొచ్చు. కప్లర్, పిన్నులు మార్చండి. గరుకు కాగితంతో రుద్ది మళ్లీ పెడితే కొన్నాళ్లే.

బల్బు నిండుగా వెలుగుతోంది, పంప్ శబ్దం లేదు, గేజ్ సున్నా. కప్లర్ పిన్నులు కూడా బాగుంటే, ఇప్పుడు మాత్రమే పంప్ పోయినట్టు. సెల్ఫ్ కొడుతుండగా ఇంకొకరు ట్యాంక్ అడుగున రబ్బరు సుత్తితో మెల్లగా తడితే తిరగడం మొదలైతే కార్బన్ బ్రష్‌లు అరిగిపోయాయి. శబ్దం ఉండి ప్రెషర్ లేకపోతే పంప్ అడుగున పెట్రోల్ వడగట్టే జాలీ మూసుకుపోవడమో, ట్యాంక్ లోపలి పైపు చీలడమో అయి ఉంటుంది.

కొత్త పంప్ రాణిగంజ్‌లోనో, పుత్లీబౌలిలోనో కొనేటప్పుడు జాలీ, ఫిల్టర్, ట్యాంక్ మీద పంప్ మూత కింద వేసే రబ్బరు రింగు కూడా తీసుకోండి. ట్యాంక్ లోపలి చిన్న పైపుకు మామూలు పెట్రోల్ పైపు వాడితే బయటి వైపు నుంచి కూడా పెట్రోల్ తగిలి ఉబ్బి చీలుతుంది. పెట్రోల్‌లో మునిగి ఉండేందుకు చేసిన పైపే అడగండి, ఇప్పటి ఇథనాల్ పెట్రోల్‌కు పనికొచ్చేదై ఉండాలి. పాత జాలీలో తుప్పు పొడి కనిపిస్తే ట్యాంక్ కడిగించకుండా కొత్త పంప్ దింపకండి. బిగించాక కనీసం 10 లీటర్లు పోసి, కీ నాలుగైదుసార్లు ఆన్, ఆఫ్ చేసి ప్రెషర్ ఎక్కించి, ప్రతి జాయింటునూ పొడి వేలితో తడిమి చూశాకే సెల్ఫ్ కొట్టండి.