గోవా మోటోవర్స్‌కి గుంపుగా బైకుల మీద వెళ్తున్నారా? బయల్దేరే ముందు ఇవి మాట్లాడుకోండి

నవంబరు వచ్చిందంటే మన బైకర్ల వాట్సాప్ గ్రూపుల్లో గోవా మాటే నడుస్తుంది. గోవాలోని వాగటార్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లు జరిపే బైకర్ల పండగ మోటోవర్స్ శుక్రవారం మొదలై ఆదివారంతో ముగుస్తుంది. 2022 వరకు దాని పేరు రైడర్ మేనియా. పాత రైడర్లు ఇప్పటికీ మేనియా అనే పిలుస్తారు. హైదరాబాద్ నుంచి ఏటా చాలా బండ్లు అటు కదులుతాయి. వాటిలో మొదటిసారి గుంపుతో వెళ్లేవాళ్లు కూడా ఉంటారు. ఇది ముఖ్యంగా వాళ్ల కోసం.

ఒంటరిగా బండి చక్కగా నడిపేవాళ్లు కూడా గుంపులో తడబడతారు. నేను చూసినంతలో దానికి పెద్ద కారణం మొహమాటం. నిద్ర వస్తోందని చెప్పడానికి మొహమాటం. ఇంత స్పీడ్ నా వల్ల కాదనడానికి మొహమాటం. అందరూ నా కోసం ఆగాల్సి వస్తుందేమోనని మొహమాటం. బండికి సర్వీసింగ్ చేయించినంత శ్రద్ధగా ఈ మొహమాటాన్ని కూడా బయల్దేరక ముందే వదిలించుకోవాలి.

దూరం లెక్క

జడ్చర్ల, మహబూబ్‌నగర్, మక్తల్, రాయచూరు, లింగసుగూరు, బాగల్‌కోట్, బెళగావి, అక్కడి నుంచి చోర్లా ఘాట్ దిగి గోవా. మన వాళ్లు ఎక్కువగా వెళ్లే దారుల్లో ఇదొకటి. మొత్తం 650 కిలోమీటర్ల పైచిలుకు. మ్యాప్‌లో కనిపించే టైమ్‌ని నమ్మి తెల్లవారుజామున మూడింటికి లేచి ఒకే రోజులో చేరిపోదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆ లెక్కలో టీలు, పెట్రోలు, పంక్చర్లు, ఊళ్లలోని స్పీడ్ బ్రేకర్లు ఏవీ ఉండవు. పైగా చాలాచోట్ల ఎదురుగా బండ్లు వచ్చే రెండు వరసల రోడ్డే. ఎనిమిది బండ్లు ఒకచోట ఆగి మళ్లీ కదలాలంటే అరగంట ఇట్టే గడిచిపోతుంది. చివరికి చోర్లా ఘాట్ మలుపులు చీకట్లో, ఒళ్లు హూనమయ్యాక ఎదురవుతాయి. ఆ ఘాట్‌ని పగలు, నిద్ర తీరిన కళ్లతోనే దిగాలి.

గురువారం సెలవు పెట్టి పొద్దున బయల్దేరండి. బాగల్‌కోట్ సుమారు 400 కిలోమీటర్లు. రాత్రికి అక్కడ పడుకుంటే మిగిలింది మర్నాడు హాయిగా మధ్యాహ్నానికి పూర్తవుతుంది. సెలవు దొరకని వాళ్లు బండిని రైల్లో పార్సిల్ వేసి వెళ్లొచ్చు. ట్యాంకులో పెట్రోలు తీసేశాకే తీసుకుంటారు కాబట్టి దిగిన చోట ఓ సీసా పెట్రోలు ఏర్పాటు చేసుకోవాలి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

మన అవుటర్ రింగ్ రోడ్డు మెయిన్ రోడ్డు మీదికి టూవీలర్లను రానివ్వరు. కలుసుకునే చోటు ఊరు దాటాక, షాద్‌నగర్ వైపు పెట్టుకుంటే సిటీ ట్రాఫిక్‌లో ఒకరి కోసం ఒకరు వెతుక్కునే టెన్షన్ తప్పుతుంది.

బండి, బట్టలు

సర్వీసింగ్ బయల్దేరే ముందు రోజు చేయించకండి, వారం ముందు చేయించండి. ఆ వారమంతా బండి నడిపితే సరిగా బిగించని నట్టు, కారే ఆయిలు ఊళ్లోనే బయటపడతాయి. బ్రేక్ ప్యాడ్లు, చైన్ వదులు, హెడ్‌లైట్, వెనక లైటు చూసుకోండి. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గాళ్లు లోతుగా ఉన్నా రబ్బరు పాతబడి పగుళ్లు తేలితే మార్చేయాల్సిందే. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి కొట్టించాలి. వెనక మనిషి, సామాను ఉంటే ఎంత ఉండాలో మాన్యువల్‌లో విడిగా రాసి ఉంటుంది.

స్పోక్ చక్రాల బండికి ట్యూబు ఉంటే సరిపడా ట్యూబులు, టైరు లీవర్లు గుంపులో ఒకరి దగ్గరైనా ఉండాలి. ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్ ఆ బండికి పనికిరాదు. క్లచ్ కేబుల్ స్పేరు ఒకటి పెట్టుకోండి, చైన్ లూబ్ మర్చిపోకండి.

సామాను కట్టే బంగీ తాడు విషయంలో చాలామంది అజాగ్రత్తగా ఉంటారు. బ్యాగు గతుకులకి కొద్దికొద్దిగా ఒక పక్కకి జారుతుంది, కొక్కెం ఊడుతుంది, తాడు వెనక చక్రంలోకి వెళ్లి చుట్టుకుంటుంది. నడుస్తున్న బండి చక్రం ఒక్కసారిగా పట్టేస్తుంది. కొక్కేలున్న తాడు కంటే బకిల్‌తో బిగించే పట్టీ మేలు. ఆగిన ప్రతిచోటా మీ బ్యాగు కంటే ముందు పక్కవాడి బ్యాగుని చేత్తో కదిపి చూడండి. వెనక చున్నీతోనో చీరతోనో ఎవరైనా కూర్చుంటే కొంగు, అంచులు చైన్ వైపు వేలాడకుండా చూడాలి. షూ లేసులు కూడా లోపలికి దోపుకోవాలి. గేర్ లివర్‌కి చుట్టుకున్న లేసు సంగతి బండి ఆపి కాలు దించబోయినప్పుడే తెలుస్తుంది.

హెల్మెట్‌కి ఐఎస్ఐ గుర్తు ఉండాలి, వెనక కూర్చునేవాళ్లకీ అంతే. ఒకసారి గట్టిగా దెబ్బ తగిలిన హెల్మెట్ పైకి బాగానే కనిపించినా దాన్ని పక్కన పెట్టేయండి. నల్ల వైజర్ (హెల్మెట్ ముందుండే అద్దం) ఒక్కటే ఉన్నవాళ్లు రంగు లేనిది కూడా తెచ్చుకోవాలి. సాయంత్రం ఆరు దాటాక నల్ల వైజర్ వేసుకోవడం కళ్లకి గంతలు కట్టుకోవడమే.

గుంపు ఎలా నడవాలి

పదిహేను బండ్లు ఒకే వరసలో వెళ్తే ఫొటోకి బాగుంటుంది, రోడ్డు మీద మాత్రం ఎవరికీ అదుపులో ఉండదు. ఐదారు బండ్లకో గుంపు చేసి, ఒక్కో గుంపుకి ముందు ఒక లీడ్, చివర ఒక స్వీప్ పెట్టండి. స్వీప్‌గా అందరికంటే అనుభవం ఉన్నవాడు ఉండాలి, ఎందుకంటే పడిపోయిన బండి దగ్గరికి మొదట చేరేది అతనే. పంక్చర్ కిట్, ఫస్ట్ ఎయిడ్ అతని దగ్గరే ఉంటాయి. కొత్తవాళ్లని లీడ్ వెనకే పెట్టండి. చాలా గ్రూపుల్లో వాళ్లని చివరికి నెడతారు. ముందు బండి స్పీడ్ కొంచెం పెంచినా చివరి బండి దాన్ని అందుకోవడానికి ఇంకా ఎక్కువ పరిగెత్తాలి. ఆ పరుగు కొత్తవాడితో చేయించకూడదు. గుంపు స్పీడ్‌ని అందరికంటే నెమ్మదైన బండి నిర్ణయించాలి. ఈ మాట లీడ్ అందరి ముందూ పైకి చెప్పాలి. అప్పుడే ఆ నెమ్మదైన బండివాడికి ఊపిరాడుతుంది.

విశాలమైన రోడ్డు మీద జిగ్‌జాగ్ వరస పాటించండి. లీడ్ తన లేన్‌లో కుడి పక్కగా, రెండోవాడు ఎడమ పక్కగా, మూడోవాడు మళ్లీ కుడిగా. సూటిగా మీ ముందున్న బండికి కనీసం రెండు సెకన్ల దూరం ఉండాలి. 80లో వెళ్తున్నప్పుడు బండి సెకనుకి 22 మీటర్లు పోతుంది, అంటే దాదాపు 45 మీటర్లు. గుంపు చెదిరిపోతుందేమోనని దగ్గరికి జరగకండి. ఘాట్‌లో, సన్నటి రోడ్డు మీద, వానలో అందరూ ఒకరి వెనక ఒకరే.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది ఓవర్‌టేకింగ్. లింగసుగూరు దాటాక రెండు వరసల రోడ్డు మీద ఓ లారీ వెళ్తోందనుకోండి. లీడ్ చూసుకుని దాటాడు. రెండోవాడు అతని వెనకే దాటాడు. మూడోవాడి కళ్లు రోడ్డు మీద లేవు, రెండో బండి ఎర్ర లైటు మీద ఉన్నాయి. వాళ్లు దాటారు కాబట్టి దారి ఖాళీయే అనుకుని యాక్సిలరేటర్ తిప్పాడు. ముందు ఇద్దరికి దొరికిన ఖాళీ అప్పటికే మూసుకుపోయింది, ఎదురుగా బస్సు. ముందువాడు వెనక్కి చెయ్యి ఊపి రమ్మన్నా సరే, మీ కళ్లతో దారి చూడకుండా లారీ వెనక నుంచి బయటికి రాకండి. లీడ్‌లకి నా మనవి, అసలు ఆ చెయ్యి ఊపే అలవాటే మానేయండి. దాటాక స్పీడ్ తగ్గించి నిదానంగా వెళ్తుండండి, మిగతావాళ్లకి తొందర ఉండదు.

విడిపోవడం సహజం. ప్రతి ఒక్కరూ తన అద్దంలో వెనక బండి కనిపిస్తోందా అని చూసుకోవాలి. మలుపు తిరిగే జంక్షన్‌లో వెనకవాడు మిమ్మల్ని చూసేదాకా రోడ్డు దిగి ఆగాలి. తర్వాత కలిసే బంకు పేరు అందరికీ తెలిసి ఉంటే ఎవరూ భయపడి పరిగెత్తరు. ఆగే సంజ్ఞ ఒకటి, గుంతకి కాలు చూపించడం, పెట్రోలుకి ట్యాంక్ మీద తట్టడం, ఈ మూడూ నేర్చుకుంటే చాలు. అలసట వచ్చిందని చెప్పడానికి కూడా ఒక సంజ్ఞ పెట్టుకోండి. అది చూపించినవాడిని ఎందుకని ఎవరూ అడగకూడదు, గుంపు ఆగాలి, అంతే.

ఆ దారిలో ఆ నెలలో ఉండేవి

నవంబరులో వరి కోతలు. మహబూబ్‌నగర్ నుంచి రాయచూరు దాకా ధాన్యం రోడ్డు అంచున ఆరబోసి ఉంటారు. దాని చుట్టూ పెట్టే రాళ్లు సాయంత్రమయ్యాక కనిపించవు. గింజల మీద బ్రేక్ వేస్తే చక్రం జారిపోతుంది, ముందే నెమ్మదించి పక్కగా వెళ్లాలి. రైతుల మీద అరవకండి.

బాగల్‌కోట్, బెళగావి జిల్లాల్లో అప్పటికి చెరకు క్రషింగ్ నడుస్తుంటుంది. రెండేసి ట్రాలీలు తగిలించుకున్న ట్రాక్టర్లు ఫ్యాక్టరీలకి వెళ్తుంటాయి. చెరకు ట్రాలీ పక్కలు దాటి బయటికి పొడుచుకుని ఉంటుంది, చాలా వాటికి వెనక లైటు గానీ రిఫ్లెక్టర్ గానీ ఉండవు. రెండో ట్రాలీ ఇటూ అటూ ఊగుతుంది. దాని పొడవు అంచనా వేయకుండా ఓవర్‌టేక్‌కి దిగితే మధ్యలో ఇరుక్కుపోతారు. రాత్రి ఈ రోడ్డు వద్దని నేను గట్టిగా చెప్పేది ఈ ట్రాలీల వల్లే.

పొద్దున ఘాట్‌లో మంచు ఉంటే లైటు డిమ్‌లోనే ఉంచండి. హైబీమ్ వేస్తే తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించదు.

అక్కడికి చేరాక

కొత్త హుషారులో పార్కింగ్‌లో వీలీలు (ముందు చక్రం పైకి లేపి నడపడం), బర్నౌట్లు (బండి కదలకుండా వెనక చక్రం తిప్పి పొగ రేపడం) చేసేవాళ్లు ఉంటారు. మీ బండ్లు, మీ మనుషులు వాళ్లకి దూరంగా ఉండాలి. మట్టి ట్రాక్ మీద పోటీల్లో దిగాలంటే పేరు నమోదు చేసుకుని, వాళ్లు చెప్పిన గేర్ అంతా వేసుకుని దిగండి. మామూలు బండి ఇన్సూరెన్సులో పోటీ పందేలకి రక్షణ ఉండదని గుర్తుంచుకోండి. అలాగే తప్పనిసరిగా కట్టే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఓనర్ పేరు మీదే ఉంటుంది. స్నేహితుడి బండి అడిగి తెచ్చుకున్నవాళ్లు తమ పేరు మీద విడిగా పాలసీ తీసుకోవాలి. ఆర్‌సీ, లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ డిజిలాకర్‌లో ఉంటే చెల్లుతాయి.

ఊరు తిరగడానికి స్కూటీ అద్దెకి తీసుకుంటే నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలున్నదే తీసుకోండి. తెల్ల ప్లేటు బండి అద్దెకి ఇవ్వడం చట్టవిరుద్ధం. డిస్క్ లాక్ (బ్రేక్ డిస్క్‌కి వేసే తాళం) వేస్తే గుర్తుకి హ్యాండిల్‌కి రంగు తాడు కట్టుకోండి. తీయడం మర్చిపోయి బండి కదిలిస్తే అక్కడే పడతారు.

ఎవరైనా పడితే

మొదట మీరు రోడ్డు మీద రెండో ప్రమాదం కాకండి. బండ్లన్నీ రోడ్డు దిగి ఆపాలి. ఇద్దరు వెనక్కి వంద అడుగులకి పైగా నడిచి వచ్చే బండ్లని నెమ్మదించమనాలి. పడినవాడిని చెయ్యి పట్టి లేపి కూర్చోబెట్టే ఆత్రం మనవాళ్లకి ఎక్కువ. మెడకి, వెన్నుకి దెబ్బ తగిలి ఉంటే అలా లేపడమే శాశ్వత నష్టం చేస్తుంది. శ్వాస ఆడుతుంటే హెల్మెట్ తీయకుండా వైజర్ మాత్రం ఎత్తండి. నీళ్లు తాగించకండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. 112 గానీ 108 గానీ, జాతీయ రహదారి మీదైతే 1033 కూడా. 2025లో వచ్చిన కేంద్ర పథకం కింద ప్రమాద బాధితులకి నిర్దేశిత ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా క్యాష్‌లెస్ చికిత్స ఉంది. 112కి ఫోన్ చేసినప్పుడే దగ్గర్లో అలాంటి ఆసుపత్రి ఏదో అడగండి. అందరి బ్లడ్ గ్రూపు, ఇంటివాళ్ల నంబరు స్వీప్ దగ్గర కాగితం మీద రాసి ఉండాలి. పడినప్పుడు ఫోన్లు పగులుతాయి.

తిరుగు ప్రయాణం

నాకు ఎక్కువ భయం దీని గురించే. వెళ్లేటప్పుడు అందరిలో జాగ్రత్త ఉంటుంది. వచ్చేటప్పుడు రెండు రాత్రుల నిద్ర బాకీ, శనివారం అర్ధరాత్రి దాకా తాగిన బీరు, సోమవారం ఆఫీసు, మూడూ కలిసి బండెక్కుతాయి. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. రాత్రి రెండింటిదాకా తాగి ఆరింటికి బయల్దేరితే పరీక్షలో దొరికే అవకాశం చాలా ఉంది. ఒంట్లో మద్యం దాని లెక్క ప్రకారం నెమ్మదిగానే దిగుతుంది. కాఫీ, చన్నీళ్ల స్నానం దాన్ని తొందరపెట్టవు. పర్మిట్ లేకుండా గోవా సీసాలు బ్యాగులో పెట్టుకుని కర్ణాటక సరిహద్దు దాటడం కూడా పెట్టుకోకండి. చెక్‌పోస్టు దగ్గర ఒకరు దొరికితే గుంపంతా గంటల తరబడి ఆగాలి.

సోమవారం కూడా సెలవు పెట్టండి. అది కుదరకపోతే శనివారం రాత్రి మందు మానేసి, ఆదివారం పొద్దున్నే బయల్దేరి, సాయంత్రం వెలుతురు తగ్గేసరికి ఎక్కడుంటే అక్కడ గది తీసుకుని పడుకోండి. ఆఫీసుకి ఒక మెసేజ్ పెడితే సరిపోతుంది. కళ్లు మూతలు పడటం, ఇప్పుడే దాటిన ఊరు పేరు గుర్తు రాకపోవడం, గేర్ మార్చడం మర్చిపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే ఆగి ఇరవై నిమిషాలు కునుకు తీయాలి. పాట పెట్టుకోవడం, మొహం కడుక్కోవడం పని చేయవు. ప్రతి గంటన్నరకి దిగి నీళ్లు తాగండి, దాహం వేసేదాకా ఆగకండి.

సిటీ దగ్గరికి వచ్చాక ఒక్కొక్కరూ ఒక్కో దారిలో విడిపోతారు. ఇంటికి చేరామని ప్రతి ఒక్కరూ గ్రూపులో మెసేజ్ పెట్టాలి. ఎవరి మెసేజ్ అయినా అరగంట దాటి రాకపోతే లీడ్ ఫోన్ చేయాలి, ఎత్తకపోతే ఇంటి నంబరుకి చేయాలి. మర్నాడు అదే బండి మీద ఆఫీసుకి వెళ్లేవాళ్లు చైన్, టైర్లలో గాలి, బ్రేకులు మళ్లీ ఒకసారి చూసుకుని బండి తీయండి.